జైలు గేటు దాటాక మొదటి రెండు వారాలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి 1999, 2003 మధ్య విడుదలైన 30 వేల మందికి పైగా ఖైదీల రికార్డులను పరిశోధకులు మరణాల నమోదుతో సరిపోల్చి చూశారు. 2007లో వచ్చిన ఆ ఫలితం ఇప్పటికీ ఈ రంగంలో అందరి నోటా వినిపిస్తుంది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో డ్రగ్స్ మోతాదు మించి చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు! కారణం అంతుపట్టనిదేమీ కాదు. జైల్లో నెలల తరబడి హెరాయిన్ దొరక్క ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది. బయటికి రాగానే పాత లెక్కలో ఎక్కించుకుంటాడు, ఊపిరి ఆగిపోతుంది.

శిక్ష పడితే అలవాటు దానంతటదే పోతుందన్న నమ్మకంతోనే ఈ కథంతా మొదలైంది. నల్లమందు, కొకైన్ లాంటివాటి అమ్మకాన్ని కట్టడి చేసిన 1914 నాటి హారిసన్ చట్టం వచ్చాక అక్కడి ఫెడరల్ జైళ్లు మత్తుకు బానిసలైనవాళ్లతో నిండిపోయాయి. వాళ్లను వేరే చోట పెట్టి నయం చేద్దామని 1929లో ఇంకో చట్టం తెచ్చారు. దాని ఫలితమే 1935లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో తెరిచిన ‘నార్కోటిక్ ఫామ్’. వెయ్యి ఎకరాల స్థలం, పాడి పశువులు, పొలం పని. శిక్ష పడ్డ ఖైదీలతో పాటు తమంతట తాము వచ్చి చేరినవాళ్లూ అందులో ఉండేవారు. పేరుకు ఆసుపత్రే, కిటికీలకు మాత్రం ఊచలు.

అక్కడే ఒక పరిశోధన కేంద్రం కూడా నడిచింది. మత్తు మానినప్పుడు ఒంట్లో ఏమేం జరుగుతుందో కొలిచి రాయడం అక్కడే గట్టిగా మొదలైంది. అక్కడి డాక్టర్ అబ్రహాం విక్లర్ ఒక విచిత్రం గమనించాడు. నెలల కిందటే పూర్తిగా కోలుకున్న మనిషి తన పాత పేటకు వెళ్లి, ఒకప్పుడు సరుకు కొన్న వీధిలో అడుగు పెట్టగానే కళ్ల వెంట నీళ్లు కారడం, ఆవలింతలు, ముక్కు కారడం. అంటే మత్తు మానిన కొత్తలో వచ్చే విత్‌డ్రాయల్ లక్షణాలే మళ్లీ! పొలం పని ఎంత చేయించినా ఆ వీధి మారదు కదా. లెక్సింగ్టన్ నుంచి న్యూయార్క్ వెళ్లినవాళ్లను వెంబడించి చూసిన ఒక అధ్యయనం 1962లో వచ్చింది. నూటికి తొంభై మందికి పైగా మళ్లీ అలవాటులో పడ్డారని, చాలామంది ఆరు నెలల్లోపే పడ్డారని అందులో తేలింది.

ఈ కేంద్రం చరిత్రలో సిగ్గుపడాల్సిన భాగమూ ఉంది. సీఐఏ డబ్బుతో ఖైదీల మీద ఎల్‌ఎస్‌డీ (లేనివి ఉన్నట్టు భ్రమ కలిగించే డ్రగ్) ప్రయోగాలు జరిగాయి. కొందరికి వరసగా 77 రోజులు ఇచ్చారు. ప్రతిఫలంగా వాళ్లు ఏ మత్తు మానడానికి అక్కడికి వచ్చారో దాన్నే ముట్టజెప్పారు. ఖైదీ ఇచ్చే సమ్మతిని సమ్మతి అనవచ్చా అన్న ప్రశ్న ముదిరి, 1976కల్లా ఖైదీలపై ఆ ప్రయోగాలు ఆగిపోయాయి.

లెక్సింగ్టన్‌లో కొంతకాలం పనిచేసిన డాక్టర్ మేరీ నైస్వాండర్ న్యూయార్క్‌లో మరో డాక్టర్ విన్సెంట్ డోల్‌తో కలిసి వేరే దారి పట్టింది. మత్తు పూర్తిగా మానమని పట్టుబట్టకుండా, హెరాయిన్ కోరికను అణచే మెథడోన్ అనే మందును రోజూ ఇస్తూ మనిషిని నిలకడగా ఉంచడం ఆ పద్ధతి. 1969లో వాళ్ల బృందం దీన్ని జైలు దాకా తెచ్చింది. విడుదలకు ముందే కొందరు ఖైదీలకు మెథడోన్ మొదలుపెట్టి, మిగతావాళ్లతో పోల్చింది. చికిత్స అందనివాళ్లంతా హెరాయిన్‌కు తిరిగి వెళ్లారు, అందినవాళ్లు రోజువారీ వాడకంలోకి జారలేదు. చిన్న అధ్యయనమే, సందేహం లేదు. కానీ దారి అప్పుడే కనబడింది.

ఆ దారిలో నడిచినవాళ్లు మాత్రం చాలా తక్కువ. 1973లో న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్ డ్రగ్స్ కేసుల్లో కఠిన శిక్షల చట్టాలు తెచ్చాడు. మరుసటి ఏడాది రాబర్ట్ మార్టిన్‌సన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఖైదీలను మార్చే కార్యక్రమాలపై వచ్చిన 231 అధ్యయనాలను వడగట్టి రాసిన వ్యాసం నుంచి జనం పట్టుకున్న మాట ఒక్కటే: ‘ఏదీ పనిచేయదు’. ఆయన 1979లో కొంత వెనక్కి తగ్గాడు గానీ, అప్పటికే జైళ్లు కట్టేవాళ్ల చేతికి ఆ మాట అందిపోయింది. నిందితుణ్ణి జైలుకు బదులు చికిత్సకు పంపే డ్రగ్ కోర్టు 1989లో మయామీలో మొదలవడం కొంత ఊరట. ఆ తరహా కోర్టుల్లో చాలా చోట్ల మెథడోన్ తీసుకుంటే ఒప్పుకొనేవారు కాదన్నది వేరే సంగతి. డెలావేర్‌లో జైల్లోనే సామూహిక చికిత్స నడిపి ఏళ్ల తరబడి ఫలితాలు చూశారు. లోపల ఎంత చేసినా, బయట కొనసాగింపు లేనివాళ్లలో ఆ లాభం కరిగిపోయింది.

జైల్లో ఇలాంటి మందులు ఇవ్వడంపై అధికారుల అభ్యంతరాలను కొట్టిపారేయలేం. మెథడోన్ లాగే వాడే మరో మందు బ్యుప్రెనార్ఫిన్; దాని మాత్ర నాలుక కింద కరగాలి. ఖైదీ దాన్ని చెంపలో దాచి, ఉమ్మి ఇంకొకరికి అమ్ముతాడని వాళ్ల భయం. అందుకే మాత్ర ఇచ్చాక వరసగా కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టించి, టార్చి వేసి నోరు చూస్తారు. సిబ్బంది కావాలి, టైం కావాలి. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు’ అన్న వాదన మాత్రం నాకు మింగుడు పడదు. షుగర్ ఉన్న ఖైదీకి ఇన్సులిన్ ఆపమని ఎవరూ అనరు.

రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2016లో అవసరమున్న ఖైదీలకు మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్, హెరాయిన్ మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ మూడూ అందుబాటులో పెట్టి, విడుదలయ్యాక బయటి క్లినిక్‌తో ముడిపెట్టింది. ఏడాది తిరిగేసరికి, కొత్తగా విడుదలైనవాళ్లలో ఓవర్‌డోస్ చావులు దాదాపు 61 శాతం తగ్గాయి. 1969లో కనబడిన దారి ఇలా ఒక రాష్ట్రమంతటా అమలుకు రావడానికి 47 ఏళ్లు పట్టింది.

మన దగ్గర తీహార్ జైల్లో 2008లో బ్యుప్రెనార్ఫిన్‌తో ప్రయోగాత్మక చికిత్స మొదలైంది. మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోనూ తలుపు మూసేసి ఏమీ లేదు. కొద్ది మోతాదుతో పట్టుబడి శిక్ష పడ్డ వ్యసనపరుణ్ణి, అతని సమ్మతితో, వెంటనే జైలుకు పంపకుండా చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకు ఇస్తోంది. స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ 64ఏలో ఉంది. అయితే తెలుగు రాష్ట్రాల్లో పెద్ద తలనొప్పి గంజాయి. దానికి మెథడోన్ లాంటి మందు లేదు. కాబట్టి రోడ్ ఐలాండ్ పద్ధతిని ఇక్కడికి అచ్చంగా దించలేం. పనికొచ్చేది దాని రెండో సగమే: విడుదలయ్యే రోజుకే ఫలానా ఆసుపత్రిలో, ఫలానా డాక్టర్ దగ్గర, ఫలానా తేదీన అపాయింట్‌మెంట్ చేతిలో ఉండటం.