ముందు ఫోర్కు గట్టిగా ఉంటే తప్పు గాలిదేనా?

మౌంటెన్ బైకు ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని, కుదుపుల్ని మింగే భాగం) గట్టిగా అనిపించగానే గాలి తీసేస్తారు, మెత్తగా అనిపించగానే ఇంకాస్త కొడతారు. చాలామంది సర్దుబాటు అక్కడితో సరి. కానీ దిగుడులో చేతులు తిమ్మిరెక్కినా, మలుపులో ముందు చక్రం జారినా, రాయి తగలగానే హ్యాండిల్ ఎగిరిపడినా కారణం గాలి ఒక్కటే కాదు. ఫోర్కులో మూడు పనులు వేర్వేరుగా జరుగుతుంటాయి. గాలి బరువు మోస్తుంది. నూనె కదలిక వేగాన్ని అదుపు చేస్తుంది. సీళ్లు (నూనె కారకుండా, దుమ్ము చొరకుండా ఆపే రబ్బరు వలయాలు), బుషింగులు (గొట్టాలు జారే లోపలి తొడుగులు), వాటి మధ్య పలచటి నూనె పొర రాపిడి ఎంతన్నది తేలుస్తాయి. తేడా ఈ మూడింటిలో ఎక్కడుందో తేల్చుకోకుండా పంపు పట్టుకుంటే, ఒకటి సరిచేయబోయి ఇంకోటి చెడగొట్టుకున్నట్టే.

పైన క్రౌన్‌కు, అంటే రెండు కాళ్లను కలిపే అడ్డ భాగానికి, బిగించి ఉండే రెండు నున్నటి గొట్టాలు స్టాంచన్లు. వాటి మీద జారే కింది భాగాన్ని లోయర్స్ అంటారు. చక్రం ఉండేది దానికే. చాలా ఎయిర్ ఫోర్కుల్లో ఎడమ కాలిలో గాలి స్ప్రింగు, కుడి కాలిలో నూనెతో కదలిక వేగాన్ని అదుపు చేసే డ్యాంపర్ ఉంటాయి. పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ పేరుతో అమ్మకానికి తెచ్చిన ఆర్ఎస్-1 ఫోర్కు కూడా గాలీ నూనే కలిపి పనిచేసిందే. అది కదిలే దూరం 50 మి.మీ. లోపే. ఇప్పుడు మామూలు ట్రైల్ బైకుకు (కొండ దారుల్లో ఎక్కడానికీ దిగడానికీ వాడేది) 130, 140 మి.మీ. ఉంటోంది.

మన ఊళ్లలో తక్కువ ధరకు దొరికే మౌంటెన్ బైకుల్లో చాలావాటికి ఉండేది గాలి కాదు, ఇనుప కాయిల్ స్ప్రింగు. ఎడమవైపు పైన ఉండే ప్రీలోడ్ నాబ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. బండి ఎక్కినప్పుడు ఫోర్కు దిగే లోతు మాత్రమే మారుతుంది. బరువుకు సరిపడాలంటే స్ప్రింగునే మార్చాలి. ఇక్కణ్నుంచి చెప్పేదంతా ఎయిర్ ఫోర్కుల గురించే అయినా, రాపిడి సంగతి మాత్రం రెండింటికీ వర్తిస్తుంది.

మొదట చూడాల్సిందీ రాపిడినే. ముందు బ్రేకు పట్టుకుని, అరచేతులతో హ్యాండిల్‌ను చాలా మెల్లగా నొక్కండి. కాస్త బరువు పడగానే ఫోర్కు దిగడం మొదలవ్వాలి. కొంతసేపు మొరాయించి ఒక్కసారిగా జారితే లోపల ఎండిపోయిందని అర్థం. ఆ స్థితిలో కొలిచిన ఏ కొలతా నిజం కాదు. కాబట్టి ముందు సర్వీసు, తర్వాతే సెట్టింగు.

గాలి కొట్టడానికి షాక్ పంపు కావాలి. ఫోర్కు గాలి గది చిన్నది కాబట్టి టైరు పంపుతో గానీ పంక్చర్ షాపు కంప్రెసర్‌తో గానీ పీడనం చేతికి దొరకదు. లోయర్స్ మీద అంటించిన పట్టికలో మీ బరువుకు ఎంత పీడనమో ఉంటుంది. పట్టిక చెరిగిపోతే పౌండ్లలో మీ బరువులో సగం పీఎస్ఐతో (చదరపు అంగుళానికి పౌండ్లు, పీడనం కొలత) మొదలుపెట్టొచ్చు. 72 కిలోల మనిషికి సుమారు 80. కొట్టాక పంపు అలాగే ఉంచి ఫోర్కును ఓ పదిసార్లు నిదానంగా నొక్కి వదలండి. గాలి గదికి కింద నెగెటివ్ గది అని ఇంకోటి ఉంటుంది. నొక్కినప్పుడు పిస్టన్ ఒక చిన్న గాడిని దాటుతుంది, అప్పుడే రెండు గదుల పీడనం సమానమవుతుంది. గేజీ తగ్గితే మళ్లీ కొట్టి, మళ్లీ నొక్కాలి. పంపు తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు పంపు గొట్టంలోని గాలిది, ఫోర్కుది కాదు. మళ్లీ తగిలించి చూస్తే గేజీ కొంచెం తక్కువ చూపించేది కూడా ఆ గొట్టం నిండడానికి పోయిన గాలి వల్లే.

ఇప్పుడు సాగ్. అంటే మనిషి బరువుకే ఫోర్కు ఎంత దిగుతుందన్నది. హెల్మెట్, బ్యాగు, నీళ్లతో సహా ఎక్కి, గోడ పట్టుకుని, పెడళ్ల మీద నిలబడి, మోచేతులు కొద్దిగా వంచి ఉండాలి. సీటు మీద కూర్చుంటే బరువు వెనక్కి పోయి లెక్క తప్పుతుంది. స్టాంచన్ మీది రబ్బరు రింగును వేరొకరి చేత సీలు దాకా దించి, మెల్లగా దిగి, సీలుకూ రింగుకూ మధ్య దూరం ఫోర్కు మొత్తం కదిలే దూరంలో ఎంత శాతమో చూడండి. క్రాస్ కంట్రీకి 15 నుంచి 20 శాతం, ట్రైల్‌కు 20 నుంచి 25, డౌన్‌హిల్‌కు 30 దాకా. 140 మి.మీ. ఫోర్కులో 20 శాతమంటే 28 మి.మీ. సరిపడకపోతే 5 పీఎస్ఐ చొప్పున మార్చండి.

ఈ అంకె ఏడాది పొడవునా నిలవదు. డిసెంబరు పొద్దున 15 డిగ్రీల్లో 80 పీఎస్ఐ ఉన్న ఫోర్కు మే మధ్యాహ్నం 40 డిగ్రీలకు 88కి చేరుతుంది. వాతావరణ పీడనం కూడా కలుపుకుని పరమ ఉష్ణోగ్రత నిష్పత్తిలో లెక్కేస్తే వచ్చే అంకె ఇది. కాబట్టి చలికాలంలో పెట్టిన సెట్టింగు ఎండాకాలంలో గట్టిగా అనిపిస్తే అది మీ ఊహ కాదు.

సాగ్ సరిగ్గా ఉన్నా ప్రతి గెంతుకూ ఫోర్కు అడుగంటితే, గాలి పెంచితే కదలిక మొదటి భాగం కూడా అనవసరంగా గట్టిపడుతుంది. అక్కడ పనికొచ్చేది వాల్యూమ్ టోకెన్, అంటే గాలి గదిలో బిగించే చిన్న ప్లాస్టిక్ దిమ్మ. ఉదాహరణకు 168 మి.లీ. గది, పూర్తిగా నొక్కితే 56 మి.లీ. అయిందనుకుందాం: పీడనం మూడింతలు. 8 మి.లీ. టోకెన్ వేస్తే 160 నుంచి 48కి, అంటే 3.33 ఇంతలు. మొదట్లో తేడా దాదాపు తెలియదు, చివర్లో బాగా తెలుస్తుంది. దీనికి వ్యతిరేకంగా, బండరాళ్ల మీద ఎంత తోలినా ఫోర్కు చివరి 30 మి.మీ. ఎప్పుడూ వాడకపోతే ఒక టోకెన్ తీసేయండి. పై మూత విప్పే ముందు మాత్రం గాలి పూర్తిగా వదిలేయాలి. లేకపోతే మూత తుపాకి గుండులా మొహం మీదికి వస్తుంది.

గాలి ఎంత లోతుకు నొక్కారో దాన్ని బట్టి ఎదురు తన్నుతుంది. నూనె ఎంత వేగంగా నొక్కారో దాన్ని బట్టి అడ్డుపడుతుంది. ఈ తేడా పట్టుబడితే మిగతా నాబులన్నీ తేలికే. కుడి కాలి అడుగున తరచూ ఎర్రగా ఉండే నాబ్ రీబౌండ్‌ది: నొక్కుకున్న ఫోర్కు ఎంత వేగంతో పైకి రావాలో అది చెబుతుంది. కుడివైపుకు తిప్పేకొద్దీ నూనె దారి ఇరుకై కదలిక నెమ్మదిస్తుంది. పూర్తిగా మూసి, అక్కణ్నుంచి క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ సగం దాకా తెరవండి. నిలబడి నెమ్మదిగా తోలుతూ ఒక కాలిబాట గట్టు దిగండి. ఫోర్కు దిగి, లేచి, ఒక్క ఊపుతో కుదురుకోవాలి. రెండుమూడు సార్లు ఊగితే వేగం ఎక్కువ, రెండు క్లిక్కులు మూయండి.

మరీ నెమ్మదైతే వచ్చే చిక్కు మోసకారిది. వరసగా రాళ్లు తగులుతుంటే ఫోర్కు ఒక దెబ్బ నుంచి పూర్తిగా లేవకముందే రెండోది పడుతుంది. నాలుగైదు రాళ్లయ్యేసరికి అది కిందే ఉండిపోయి, గాలి పీడనం పెరిగి, ఇటుకలా గట్టిపడుతుంది. తోలేవాళ్లు గాలి ఎక్కువైందనుకుని తగ్గిస్తారు. అప్పుడు ఇంకా లోతుకు దిగి పరిస్థితి ఇంకా పాడవుతుంది. విప్పాల్సింది రీబౌండ్, గాలి కాదు. గాలి పెంచినప్పుడల్లా తన్ను బలం పెరుగుతుంది కాబట్టి రీబౌండ్ ఒకటి రెండు క్లిక్కులు మూయాలన్నది కూడా గుర్తుంచుకోండి.

పైన ఉండే కంప్రెషన్ నాబును, అంటే ఫోర్కు దిగే వేగాన్ని అదుపు చేసేదాన్ని, మొదట పూర్తిగా తెరిచే ఉంచండి. బ్రేకు వేసినప్పుడు ముక్కు మరీ దిగుతుంటేనే కొద్దికొద్దిగా మూయండి.

ఇక సర్వీసు. రాక్‌షాక్స్ లోయర్స్ సర్వీసు 50 గంటల తోలకానికి, డ్యాంపర్, గాలి స్ప్రింగు పని 200 గంటలకు చేయమంటుంది. ఎర్రమట్టి దుమ్ములోనూ వానాకాలం బురదలోనూ తోలేవాళ్లు లోయర్స్‌కు 30 గంటలే గడువు పెట్టుకోవడం మేలు. సీలు పెదవి దగ్గర చేరిన సన్నటి ఇసుక స్టాంచన్ మీది పూతను గరుకు కాగితంలా అరగదీస్తుంది.

పీడనం, క్లిక్కులు రాసుకుని, చక్రం, బ్రేకు కాలిపర్ తీసేసి, గాలి పూర్తిగా వదలండి. రీబౌండ్ నాబ్ లాగేయండి. కాళ్ల అడుగున ఉన్న బోల్టుల్ని, ఎక్కువ మోడళ్లకు 5 మి.మీ. ఆలెన్ కీతో, మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీయకండి. బోల్టు తల మీద ప్లాస్టిక్ సుత్తితో తల మళ్లీ ఆనేదాకా కొడితే, లోపల పట్టేసిన షాఫ్టు లోయర్స్ నుంచి విడిపోతుంది. కింద పళ్లెం పెట్టి అప్పుడు బోల్టులు తీసి లోయర్స్ లాగండి.

కారిన నూనెను పారబోసే ముందు చూడండి. నల్లగా ఉంటే దుమ్ము చేరింది. పాలలా ఉంటే నీళ్లు చేరాయి. వెండి పొడిలా మెరిస్తే బుషింగో స్టాంచనో అరుగుతోంది. డ్యాంపర్ కాలి నుంచి పోసినదానికంటే చాలా ఎక్కువ వస్తే డ్యాంపర్ సీలు కారుతోంది, ఆ పని అనుభవమున్న మెకానిక్‌కు ఇవ్వాలి.

సీలు కింద ఉండే ఫోమ్ రింగుల్ని తీసి శుభ్రం చేసి, కొత్త నూనెలో నానబెట్టండి. లోయర్స్ లోపల పైనా కిందా ఉన్న బుషింగుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, పీచు రాలని గుడ్డతో తుడవాలి. సీలు పెదవికి సస్పెన్షన్ గ్రీజు పలచగా రాసి, పెదవి మడతపడకుండా లోయర్స్‌ను సగం దాకా ఎక్కించండి. ఫోర్కును ఏటవాలుగా తలకిందులుగా పట్టుకుని, బోల్టు రంధ్రాల గుండా సిరంజితో నూనె వేయాలి. ఎంత, ఏ రకం అన్నది మోడల్‌ను బట్టి, కాలిని బట్టి మారుతుంది. తయారీదారు పట్టిక చూడకుండా వేయకండి. ఎక్కువైతే లోయర్స్‌లో గాలికి చోటు తగ్గి, ఫోర్కు చివరిదాకా దిగదు. కొత్త క్రష్ వాషర్లతో (బిగిస్తే నలిగి నూనె కారకుండా ఆపేవి) బోల్టులు బిగించండి, రాక్‌షాక్స్‌కు 7.3 న్యూటన్ మీటర్లు. డిస్కు మీదో ప్యాడ్ల మీదో నూనె చుక్క పడనివ్వద్దు.

స్టాంచన్ మీద సన్నటి నూనె గీత మామూలే. బోల్టు దగ్గర కారితే పాత వాషరు. ఫోర్కు పూర్తిగా లేవకుండా కిందికి లాక్కుపోయినట్టుంటే నెగెటివ్ గదిలో గాలి చిక్కుకుంది. నిదానంగా గాలి వదిలి మళ్లీ కొట్టినా తిరగబెడితే లోపలి సీలు మార్చాలి. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్‌ను సీలు వైపు తిప్పవద్దు. మెరుపు కోసం డబ్ల్యూడీ-40 కొట్టవద్దు, అది లోపలి గ్రీజును కడిగేస్తుంది. రాయి తగిలి స్టాంచన్‌కు చిన్న గాటు పడితే, పైకి లేచిన అంచును మాత్రం 2000 నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్ది, గుంటను గోళ్ల రంగుతో పూడ్చి ఆరనివ్వండి. సీలు తెగకుండా ఉంటుంది. పూతే అరిగి లోపలి తెల్లటి లోహం చారలుగా కనిపిస్తే మాత్రం క్రౌన్, స్టాంచన్ల భాగం మొత్తం మార్చాల్సిందే. ఆ ధర అడిగాకే కొత్త ఫోర్కు సంగతి ఆలోచించండి.