సీపీఎస్: అందరి హామీల్లో రద్దు, అందరి పాలనలో కొనసాగింపు

తెలంగాణలో ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాలు సెప్టెంబరు 1ని పెన్షన్ విద్రోహ దినంగా పాటిస్తాయి. 2004లో ఆ రోజు నుంచి ప్రభుత్వ కొలువులో చేరినవారికి పాత పెన్షన్ వర్తించదు. వారికి ఉన్నది సీపీఎస్, అంటే ఉద్యోగి, ప్రభుత్వం చెరో వాటా జమచేసే చందా పెన్షన్ పథకం. ఆ మాట చెప్పిన జీవో 653 మాత్రం సెప్టెంబరు 22న వెలువడింది. మూడు వారాలు వెనక్కి వెళ్లి గీత గీశారన్నమాట. ఆ గీతకు చెరో వైపు ఉన్న ఇద్దరు టీచర్లు ఒకే బడిలో, పక్కపక్క గదుల్లో పాఠాలు చెబుతున్నారు. నియామక ప్రకటన ముందే వచ్చినా ఉద్యోగంలో చేరడం ఆలస్యమైన 2003 డీఎస్సీ ఉపాధ్యాయులైతే ఇప్పటికీ పాత పెన్షన్ కోసం పోరాడుతున్నారు.

1980 నాటి పెన్షన్ నిబంధనల ప్రకారం పూర్తి సర్వీసు చేసినవారికి చివరి మూలవేతనంలో సగం పెన్షన్‌గా వచ్చేది. డీఏ పెరిగినప్పుడల్లా అదీ పెరిగేది. దీనికోసం జీతంలో కోత ఉండేది కాదు. సీపీఎస్‌లో మూలవేతనం, డీఏ కలిపి 10 శాతం ఉద్యోగి నుంచి మినహాయిస్తారు, ప్రభుత్వం అంతే జమచేస్తుంది. ఆ సొమ్ము మార్కెట్‌లోకి వెళుతుంది. విరమణ నాడు 60 శాతం వరకు చేతికి తీసుకోవచ్చు. కనీసం 40 శాతంతో బీమా సంస్థ నుంచి నెలవారీ చెల్లింపు కొనుక్కోవాలి. అది ఎంత వస్తుందో ముప్పై ఏళ్ల ముందు ఎవరూ చెప్పలేరు. ధరలు పెరిగినా అది పెరగదు.

ఈ మార్పు ఎవరిదన్న వాదనలో ఒక్కో పార్టీ సగం చరిత్రే చెబుతుంది. 2003 డిసెంబరు 22న కేంద్ర ఉద్యోగుల కొత్త పెన్షన్ పథకానికి నోటిఫికేషన్ ఇచ్చింది వాజపేయి ప్రభుత్వం. అంతకుముందు 2002లో భట్టాచార్య నిపుణుల బృందం నిర్దిష్ట పెన్షన్‌నూ, చందా పద్ధతినీ కలిపిన మధ్యేమార్గం సూచించింది. దాన్ని పక్కన పెట్టారు. 2004 మేలో ఉమ్మడి రాష్ట్రంలో తెలుగుదేశం ఓడి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. నాలుగు నెలలకే కాంగ్రెస్ ప్రభుత్వం సీపీఎస్ జీవో ఇచ్చింది. కేంద్రంలో యూపీఏ తెచ్చిన పెన్షన్ నియంత్రణ సంస్థ బిల్లును వామపక్షాలు అడ్డుకున్నాయి. అది 2013లో బీజేపీ మద్దతుతో చట్టమైంది. రెండు పెద్ద జాతీయ పార్టీల సంతకాలూ దాని మీద ఉన్నాయి.

ఉద్యోగి వృద్ధాప్యం హైదరాబాద్ రాజకీయాల్లో నలగడం అంతకుముందూ ఉంది. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఆ నెలాఖరున వేలమంది ఒకేసారి ఇంటికి వెళ్లారు. తర్వాత మళ్లీ 58 చేశారు. పెన్షన్ దయాదానం కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది అప్పటికి రెండు నెలల ముందే, 1982 డిసెంబరు 17న. ఈ వివాదంలో నాకు కొలబద్ద ఆ తీర్పే.

2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో సీపీఎస్ ఉద్యోగులూ పాల్గొన్నారు. సొంత రాష్ట్రం వస్తే ఈ సమస్య తీరుతుందని ఎందరో ఆశపడ్డారు. 2014లో రాష్ట్రం వచ్చింది, సీపీఎస్ కొనసాగింది. 2021 మార్చి 22న కేసీఆర్ శాసనసభలో విరమణ వయసును 61కి పెంచుతున్నట్లు, సర్వీసులో మరణించిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబానికి పెన్షన్ ఇస్తామని ప్రకటించారు. ఆ రెండోది నిజమైన ఊరట. దాన్ని తక్కువ చేయకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో వారం రోజుల్లో రద్దు చేస్తామన్న జగన్ చివరకు 2023లో హామీ పెన్షన్ చట్టంతో సరిపెట్టారు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, పంజాబ్, హిమాచల్ పాత పద్ధతికి మళ్లుతున్నట్లు ప్రకటించాయి. 2023 ఎన్నికల్లో తెలంగాణ కాంగ్రెస్ కూడా అదే హామీ ఇచ్చి గెలిచింది. 2024 ఆగస్టులో కేంద్రం, 25 ఏళ్ల సర్వీసుకు చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం ఇచ్చే ఏకీకృత పెన్షన్ పథకాన్ని ఆమోదించింది. రెండు దశాబ్దాల క్రితం తోసిపుచ్చిన నిర్దిష్ట హామీ కొంతవరకు అలా తిరిగొచ్చింది.

ఈ హామీ ఇవ్వడం ఎందుకింత సులువో లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ రోజు పాత పద్ధతికి మళ్లితే ప్రభుత్వానికి తన 10 శాతం వాటా మిగులుతుంది. 2004 తర్వాత చేరినవారు పెద్ద సంఖ్యలో విరమణ చేసేది 2030 దాటాకే. అసలు భారం వేరే ప్రభుత్వం మీద పడుతుంది. రాష్ట్రాలన్నీ వెనక్కి మళ్లితే ఖర్చు కొత్త పథకం కంటే నాలుగున్నర రెట్ల వరకు ఉండవచ్చని 2023లో రిజర్వ్ బ్యాంకు అధ్యయనం అంచనా వేసింది. ఆ అంచనా చూపించి ఉద్యోగిని దోషిగా నిలబెట్టేవారితో నేను ఏకీభవించను. ప్రైవేటు కార్మికుడి ఈపీఎస్ (ఉద్యోగుల పెన్షన్ పథకం) కనీస పెన్షన్ 2014లో నెలకు 1,000 రూపాయలుగా ఖరారైంది, 2019 నుంచి ఇచ్చిన ఆసరా పెన్షన్ 2,016. నగరంలో ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో జీవితమంతా పనిచేసినవారికి ఆ వెయ్యి ఏ మూలకూ రాదు. వారిని పైకి తేవాలి గానీ టీచరును కిందికి లాగడం ఏం న్యాయం?

విరమణ వయసు పెంపుతో ఆగిన పదవీ విరమణలు 2024 మార్చి నుంచి మళ్లీ మొదలయ్యాయి. వెళ్లిపోతున్నవారిలో ఎక్కువమంది పాత పెన్షన్ ఉన్నవారే. గ్రాట్యుటీ, జీపీఎఫ్ (భవిష్య నిధి) బకాయిల కోసం నెలల తరబడి ఎదురుచూసి వారిలో కొందరు హైకోర్టు మెట్లెక్కారు. హామీ ఇచ్చిన ప్రభుత్వం ముందు ఈ బకాయిలు తీర్చాలి. తర్వాత సీపీఎస్ రద్దుకు ఏ ఏడాది ఎంత ఖర్చవుతుందో, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుందో శాసనసభ ముందు పెట్టాలి.