నాలుగు మైళ్ల దూరంలో ఉన్న బోటు ఎవరి లెక్కలో లోపల?

నెల్లూరు తీరంలో తమిళనాడు సోనాబోట్లను (పెద్ద మరపడవలను) పట్టుకున్నారన్న వార్త వచ్చినప్పుడల్లా చెన్నై కాసిమేడు రేవులో బోట్ల యజమానులది ఒకటే మాట: ‘మేం గీత దాటి లోపలికి రాలేదు, జీపీఎస్ చూసుకోండి.’ ఒడ్డు దగ్గరి నీళ్లను చిన్న పడవలకు వదిలి గీసిన హద్దు ఆ గీత; మరపడవలు దాన్ని దాటి లోపలికి రాకూడదు. లోపల అంటే ఎంత లోపల అన్నదే గొడవ.

మైలు అంటే రోమన్ల వెయ్యి జంట అడుగులని బడిలో చదువుకున్నదే. సముద్రపు మైలుకు, అంటే నాటికల్ మైలుకు, ఆ నడకతో పని లేదు. అది అక్షాంశంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. చెన్నై 13 డిగ్రీల 5 నిమిషాల దగ్గర, పులికాట్ 13 డిగ్రీల 25 నిమిషాల దగ్గర ఉన్నాయి. అంటే సుమారు 20 మైళ్లు ఉత్తరంగా వెళ్లాలి. భూమి పూర్తిగా గుండ్రం కాదు కాబట్టి ఈ నిమిషం అన్నిచోట్లా ఒకే పొడవు ఉండదు. 1929లో మొనాకో సమావేశం దాన్ని 1,852 మీటర్లుగా ఖాయం చేసింది.

అసలు మలుపు 1983. అంతకు ముందు దశకంలో రొయ్యల కోసం మరపడవలు ఒడ్డు దాకా వచ్చి తెప్పల వాళ్ల వలలు తెంచుకుపోయేవి. కొట్లాటలు ముదిరాక తమిళనాడు చట్టం ఒడ్డు నుంచి 3 నాటికల్ మైళ్లు, అంటే 5.556 కిలోమీటర్లు, చిన్న పడవలకు వదిలింది. ఈ మూడు కొత్త అంకె కాదు. ఫిరంగి గుండు పోయేంత మేరే రాజ్యానిదని యూరప్‌లో వాదించిన రోజుల నాటిది. భారతదేశం తన సముద్ర హద్దును 1956లో 6 మైళ్లకు, 1967లో 12కు జరుపుకుంది. తెప్పల వాళ్ల వాటాకు మాత్రం ఆ పాత మూడే వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్ చట్టం 1994లో వచ్చింది. అక్కడి గీత 8 కిలోమీటర్లు, సుమారు 4.3 నాటికల్ మైళ్లు. ఒడ్డుకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న బోటు 1983 నాటి తమిళనాడు లెక్కలో బయట, ఆంధ్ర లెక్కలో లోపల.

చిన్న పడవ మనిషికి ఈ రెండు లెక్కలూ పరాయివే. సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి, పైకి లాగుతూ చేతులు చాచి బారలు లెక్కపెడతాడు. ఒక బార ఇంచుమించు ఆరడుగులు. రొయ్య ఉండేది లోతును బట్టి, ఒడ్డు నుంచి ఎన్ని మైళ్లన్నది దానికి పట్టదు. కేరళ తన గీతను లోతుతోనూ గీసింది. ఇక్కడ ఒక వైపు మైళ్లు, మరో వైపు కిలోమీటర్లు. బోటులోని జీపీఎస్ తెర మీద కనిపించేవి నాటికల్ మైళ్లే.