"మావోని పేరు ఇన్సూరెన్స్‌లో ఎక్కియ్యన్నా": ఒక ఏజెంట్ చెప్పే అపోహలు, వాస్తవాలు

జూన్ వచ్చిందంటే నాకు ఒకే రకం ఫోన్లు. ఇంటర్ అయిపోయింది, పిలగాడు బీటెక్‌లో చేరుతున్నాడు, ఇంట్లో కారుంది. "అన్నా, మావోని పేరు గూడ ఇన్సూరెన్స్‌ల ఎక్కియ్యి, తక్కువల అయ్యేటట్టు చూడు." నల్లగొండలో పదిహేడేళ్లుగా బండ్ల ఇన్సూరెన్స్ చేస్తున్నా. ఈ ఒక్క మాటకు జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, ఇకనుంచి అడిగినవాళ్లకు ఇదే పంపుతా.

ఈ మాట ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. డల్లాస్‌లో ఉన్న బామ్మర్ది ఫోన్ చేసి, మా పెద్దోడికి పదహారు నిండినయ్ బావా, పాలసీలో కలిపితే ప్రీమియం ఎక్కడికో పోయింది అంటాడు. అక్కడ అది నిజమే. అమెరికాలో బండితో పాటు నడిపే మనిషిని కూడా చూసి రేటు కడతారు, టీనేజ్ డ్రైవర్ అంటే బాదుడే, కాలేజీలో మార్కులు బాగుంటే కొన్ని కంపెనీలు కొంత తగ్గిస్తాయి కూడా. మన దగ్గర పాలసీ బండికి. ఐడీవీ (బండికి కట్టిన ఇన్సూరెన్స్ విలువ) ఎంత, ఇంజిన్ ఎన్ని సీసీ, బండి ఎన్నేళ్లది, ఎక్కడ రిజిస్టరైంది, ప్రధానంగా ఇవే చూస్తారు. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే రేటైతే ప్రభుత్వమే పెడుతుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, 1,500 లోపు 3,416, ఆపైన 7,897, జీఎస్టీ అదనం. కొడుక్కి పద్దెనిమిదైనా తండ్రికి యాభై ఎనిమిదైనా అంతే. పేరు ఎక్కించే పని లేదు.

ఇంతవరకు చెప్పగానే అవతల మనిషి హాయిగా ఊపిరి పీల్చుకుని, "అయితే ఎవరు నడిపినా నడుస్తదన్నమాట, ఫుల్ ఇన్సూరెన్సే గద" అంటాడు. అదిగో, కొంప ముంచే మాట అదే.

ఎవరు నడిపినా కాదు. లైసెన్స్ ఉన్నవాళ్లు ఎవరు నడిపినా. పాలసీ కాగితంలో డ్రైవర్ క్లాజ్ అని ఒక పేరా ఉంటుంది, చిన్న అక్షరాల్లో, దాన్ని చదివిన కస్టమర్‌ను నేనింతవరకు చూడలేదు. యాక్సిడెంట్ జరిగిన నిమిషానికి స్టీరింగ్ పట్టుకున్న మనిషికి ఆ బండి నడిపే లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. లేకపోతే బంపర్ టు బంపర్, జీరో డెప్ అంటూ నువ్వు అదనంగా డబ్బులు పోసి కొన్న యాడ్ ఆన్‌లు ఏవీ పనికిరావు.

2018 యాసంగి కోతలప్పుడు తిప్పర్తి దిక్కు నుంచి నా కస్టమర్ ఒకాయన రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేశాడు. కొడుక్కి పదిహేడు దాటి నాలుగు నెలలు. దోస్తులతో బిర్యానీ తేవడానికి కారేసుకుని టౌన్‌కు వచ్చాడు, తిరిగి పోతుంటే రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి, మీద నల్ల పట్టా, చుట్టూ రాళ్లు. ఎదురుగా లారీ లైట్లు కొట్టాయి, పక్కకు తిప్పాడు, రాళ్లెక్కి కుప్ప దగ్గర కావలి పడుకున్న రైతు కాళ్ల మీదుగా పోయింది. తండ్రి నన్ను అడిగిన మొదటి మాట, "అన్నా, ఇన్సూరెన్స్ ఉన్నది గద?" ఉంది. వారం కింద రెన్యూ చేసింది నేనే.

కారు రిపేరు క్లెయిమ్ మొదటి ఉత్తరంతోనే కొట్టేశారు. ఆ రైతు యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో కేసు వేశాడు, వేయాలి కూడా, ఆయన కాలు మళ్లీ మామూలు కాలేదు. కంపెనీ ముందు ఆయనకు డబ్బు కట్టాలి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోవాలి అని తీర్పొచ్చింది. దీన్నే పే అండ్ రికవర్ అంటారు, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దారి ఇదే. జనం ఇందులో మొదటి సగమే వింటారు, 'కంపెనీ కడుతుంది' అని. రెండో సగం నోటీసు రూపంలో ఇంటికొస్తుంది. కొడుకు నాకు తెలియకుండా తీసుకుపోయాడని వాదిద్దామా అని అడిగాడు ఆ తండ్రి. ఎట్లా వాదిస్తావు, వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ కూడా తెమ్మని ఆయనే కొడుక్కి మెసేజ్ పెట్టాడు. చివరికి రోడ్డు పక్క ఇరవై గుంటలు అమ్మాడు.

అప్పటికింకా మోటారు వాహనాల చట్టంలో 199ఏ సెక్షన్ లేదు. 2019 సవరణతో వచ్చింది. ఇప్పుడైతే మైనర్ నేరం చేస్తే తండ్రో బండి ఓనరో దోషి, మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

"నడిపింది నేనే అని రాద్దామన్నా" అని కూడా అడుగుతారు. భయంలో అడుగుతారు, తిట్టబుద్ధి కాదు, కానీ నేను రాయను. ఎఫ్ఐఆర్‌లో ఒక పేరు, క్లెయిమ్ ఫామ్‌లో ఇంకో పేరు ఉంటే సర్వేయర్‌కు పది నిమిషాలు పట్టదు, టోల్ గేటు దగ్గర కెమెరాలున్నాయి. పోయే క్లెయిమ్ ఎట్లాగూ పోతుంది, పైన మోసం కేసు తగులుకుంటుంది.

ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) మీద నడిపితే క్లెయిమ్ రాదని ఎవరో పుకారు పుట్టించారు, అది తప్పు. ఎల్ఎల్ఆర్ కూడా లైసెన్సే. కాకపోతే పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తండ్రి వెనక సీట్లో నిద్రపోతే లెక్కలోకి రాదు.

పదహారుకే లైసెన్స్ ఇస్తారట కదా? 50 సీసీ దాటని గేర్లు లేని బండికి ఇస్తారు. మీ ఇంట్లో స్కూటీ 110 సీసీ. కారుకు పద్దెనిమిది నిండాల్సిందే.

ఇక తక్కువలో కావాలంటే. చిన్న ఇంజిన్ కారు ఇవ్వండి. పిల్లాడు హాస్టల్‌కు పోయి కారు షెడ్డులోనే ఉంటే, తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టే పాలసీలు 2022 నుంచి ఉన్నాయి, అడగండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు గోడకు గీతలు పెడుతూనే ఉంటారు, మూడు వేల గీతకు క్లెయిమ్ చేసి యాభై శాతం ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోగొట్టుకోవద్దు. పాలసీ అయిపోయాక తొంభై రోజులు దాటితే ఆ ఎన్‌సీబీ ఎట్లాగూ పోతుంది. హైదరాబాద్ నంబరుంటే స్టైల్ అని అక్కడి అడ్రస్ మీద రిజిస్టర్ చేయించేవాళ్లున్నారు. ప్రీమియం లెక్కలో హైదరాబాద్ 'ఏ' జోన్, మనది 'బీ' జోన్, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) రేటు మన దగ్గరే కాస్త తక్కువ.

మొన్న ఒకావిడ వచ్చింది, కారు ఆవిడ పేరు మీద, నడిపేది పందొమ్మిదేళ్ల కొడుకు, లైసెన్స్ పక్కాగా ఉంది. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ఓనర్ డ్రైవర్‌కు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని ఏటా డబ్బు కడుతోంది, ఆవిడకేమో లైసెన్స్ లేదు. ఓనర్‌కు లైసెన్స్ లేకపోతే ఆ కవర్ చెల్లదు, కొడుకేమో ఓనర్ కాదు. "మరి ఇన్నేండ్లు ఎందుకు కట్టిచ్చిన్రు సారూ?" అంది. ఆ పాలసీ చేసింది నేను కాదు, అయినా తల ఎత్తలేకపోయాను. అది తీసేసి, కొడుకు పేరు మీద విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ రాసి పంపించాను.