పడిశం పట్టిన రాత్రి

జలుబు చేసినప్పుడు పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రే కష్టం. వెల్లకిలా పడుకోగానే ముక్కు దిబ్బడేస్తుంది. ఎంత చీదినా ఏమీ రాదు, ఎందుకంటే అక్కడ అడ్డుపడింది చీమిడి ఒక్కటే కాదు. ముక్కు లోపలి గోడలకు మెత్తటి మడతలుంటాయి, వాటి నిండా రక్తనాళాలే. వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం విడుదల చేసే రసాయనాలకు ఆ నాళాలు ఉబ్బి, మడతలు వాచి, గాలి దారి మూసేస్తాయి. పడుకుంటే తలలో రక్తం ఎక్కువ నిలిచి వాపు ఇంకా పెరుగుతుంది. గట్టిగా చీదితే వాపు తగ్గదు సరికదా, చీమిడి సైనస్‌లలోకి, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లోకి, ఎగదన్నే ప్రమాదముంది. ఒక్కో రంధ్రాన్నే మెల్లగా చీదాలి.

అందుకే తలగడ దగ్గర శ్రద్ధ పెట్టాలి. రెండు తలగడలూ తల కిందే దోపితే వీపు బల్లపరుపుగానే ఉండి మెడ మాత్రం వంగుతుంది, తెల్లారేసరికి పట్టేస్తుంది. ఒకటి భుజాల కింద నుంచి వేసి, రెండోది దాని మీద తలవైపు జరిపితే వీపు నుంచి తల దాకా ఏటవాలు వస్తుంది. పక్కకు తిరిగితే సాధారణంగా కిందివైపు రంధ్రం మూసుకుని పైది తెరుచుకుంటుంది. కాబట్టి ఎక్కువ బిగుసుకున్న వైపును పైకి ఉంచి పడుకోండి.

పడుకునే ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే చిక్కటి చీమిడి పలచబడి జారిపోతుంది. పావు లీటరు నీటిని కనీసం ఒక నిమిషం తెర్ల కాగనిచ్చి, మూతపెట్టి, గోరువెచ్చగా అయ్యాక 2 గ్రాముల ఉప్పు (అర టీస్పూనుకు కాస్త తక్కువ), చిటికెడు వంటసోడా కలపాలి. ఉప్పు తగ్గినా, మరీ ఎక్కువైనా ముక్కు మండుతుంది. కాచని కుళాయి నీళ్లు మాత్రం వద్దు. తాగితే హాని చేయని నెగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే ప్రాణాంతకం. ఇది అరుదే అయినా, ఒక్క నిమిషం కాచడానికి బద్ధకించి తెచ్చుకోవాల్సిన ముప్పు కాదు.

ఆక్సీమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. అయితే మూడు రోజులు దాటి వాడితే, మందు ప్రభావం తగ్గగానే నాళాలు మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. అప్పుడు జలుబు పోయినా దిబ్బడ పోదు.

ఒళ్లునొప్పులకు పారాసెటమాల్ వేసుకుంటే పెద్దలకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. చాలా జలుబు మాత్రల్లోనూ అదే మందు కలిసి ఉంటుంది. తెలియక రెండూ వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది, అందుకే అట్టమీద పేర్లు చదవాలి.

నిద్ర ఎంత ముఖ్యమో చెప్పే పరిశోధన 2015లో వెలువడింది. 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారం పాటు కొలిచి, తర్వాత ముక్కులో జలుబు వైరస్ వేశారు. ఏడు గంటలకు పైగా నిద్రపోయినవారితో పోలిస్తే, ఆరు గంటలకన్నా తక్కువ నిద్రపోయినవారికి జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంది. అది జలుబు పట్టడం గురించిన లెక్క, తగ్గడం గురించి కాదు. అయినా ఈ నాలుగు రోజులూ నిద్రను కోసుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

రెండు మూడు రోజులకు జలుబు ఉధృతమై, వారం పది రోజుల్లో తగ్గుతుంది. మధ్యలో చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ కోసం పరుగెత్తనక్కర్లేదు. ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని ఎంజైముది. ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం తిరగబెట్టినా మాత్రం డాక్టరును కలవాలి. దగ్గు ఒక్కటీ రెండు మూడు వారాలు సాగవచ్చు. పడుకునేముందు చెంచాడు తేనె దాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకూడదు, బొటులిజం అనే, నరాలను చచ్చుబడేసే విషజబ్బు ప్రమాదముంది.