రేకు మీద ముడత, బోల్టు కింద పగులు

గట్టిగా దిగిన చిన్న విమానంలో దెబ్బ తగిలిన చోటే నష్టం కనిపించాలని లేదు. సెస్నా 172నే తీసుకోండి. దాని ముక్కు చక్రం కాలు ఇంజన్ వెనకున్న ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజన్‌నూ క్యాబిన్‌నూ వేరు చేసే రేకు గోడకు, బిగించి ఉంటుంది. రన్‌వే మీద కప్పగంతులు వేసి విమానం ముక్కు మీద పడితే, ఆ కాలు తట్టుకుంటుంది కానీ వెనకున్న పలుచని రేకు తట్టుకోలేదు. అందుకే ఇంజన్ మూతలు తీసి ఫైర్‌వాల్ కింది భాగం చూస్తారు. తర్వాత లోపల పెడళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి, అదే రేకును వెనక వైపు నుంచి చూస్తారు. విమానం ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడళ్లు పట్టేసినట్టున్నా, తలుపు కొత్తగా ఒరుసుకుంటున్నా అనుమానించాల్సిందే.

ముడతలు వెతకడానికి టార్చిని రేకుకు దాదాపు ఆనించి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోవాలి. ఎదురుగా వేస్తే ఏమీ తెలియదు. ఒక రెక్క మీద ముడత కనిపించగానే రెండో రెక్క మీద సరిగ్గా అదే చోటు చూడాలి. కొన్ని అలలు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి మరి! రేకులను కలిపే రివెట్ వెనక గాలివాలుగా నల్లటి చార ఉంటే, ఆ రివెట్ వదులై రేకుతో రాసుకుంటోందన్నమాట. ఆ నలుపు అల్యూమినియం ఆక్సైడ్ పొడి. తుడిచి, ఎగిరొచ్చాక మళ్లీ చూస్తే అది ఉత్త మురికో కాదో తేలిపోతుంది.

అసలు చిక్కు రెక్కల్లో ఉంది. గాల్లో రెక్క పైకి వంగుతుంది. పై రేకు నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది. నొక్కుడు ముడతై బయటపడుతుంది. సాగుడు మాత్రం స్పార్ (రెక్క లోపల పొడవునా బరువు మోసే దూలం) కింది అంచులో, బోల్టు రంధ్రం గోడ మీద సన్నని పగులై దాక్కుంటుంది. ఒక్క పెద్ద కుదుపు అక్కర్లేదు, వేల చిన్న కుదుపులు చాలు. 2018 ఏప్రిల్‌లో అమెరికాలోని డేటోనా బీచ్ దగ్గర ఒక శిక్షణ విమానం, పైపర్ యారో, ఎడమ రెక్క ఊడి కూలింది. ఇద్దరు చనిపోయారు. కారణం ఇలా లోహం అలిసిపోయి వచ్చిన పగులే.

రంగు ద్రవం పూసే పరీక్ష పైకి తెరుచుకున్న పగుళ్లనే పట్టిస్తుంది. దానికి ముందు ఉప్పుకాగితంతో రుద్దితే మెత్తటి అల్యూమినియం పరుచుకుని పగులు నోరు మూసుకుపోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. బోల్టు రంధ్రానికి ఎడ్డీ కరెంట్ పరీక్ష కావాలి. బోల్టు తీసి, సన్నని ప్రోబ్‌ను లోపల తిప్పుతారు. అది లోహంలో సుడి కరెంట్లు పుట్టిస్తుంది. పగులు అడ్డొస్తే అవి దారి మళ్లుతాయి, తేడా తెర మీద తెలుస్తుంది. ఎక్కువ గంటలు ఎగిరిన ఈ తరహా పైపర్లు చాలావాటికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఈ పరీక్షను తప్పనిసరి చేసింది. ఆ ఆదేశం 2021లో అమల్లోకి వచ్చింది. అయితే బోల్టు లాగేటప్పుడు రంధ్రం గీసుకుపోతే, ఆ గీతే కొత్త పగులుకు మొదలవుతుంది.

ఇంజన్ మూత లాంటి బరువు మోయని రేకులో పగులొస్తే, దాని కొసన సుమారు 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి ఆపుతారు. స్పార్‌కు ఆ వైద్యం పనికిరాదు. పగిలిన భాగం మార్చేదాకా విమానం నేల మీదే ఉండాలి.