స్టెప్ ఏరోబిక్స్: అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో స్టెప్ ఏరోబిక్స్ (పాట లయకు తగ్గట్టు చిన్న మెట్టు ఎక్కి దిగే వ్యాయామం) నేర్పే నాకు, కొత్తగా చేరేవారి నోట తరచుగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: డ్యాన్స్ వచ్చినవారికే ఇది సాధ్యం.

ఈ మాట అనేవారిలో చాలామంది వేయిస్తంభాల గుడి దగ్గర గంటల తరబడి లయ తప్పకుండా బతుకమ్మ ఆడేవారే. తరగతిలో అడుగులను ఎనిమిదేసి లెక్కల (పాటలోని ఒక్కో దెబ్బకు ఒక లెక్క) ముక్కలుగా ఒక్కొక్కటే నేర్పి, నాలుగింటిని కలిపి 32 లెక్కల వరుసగా కూరుస్తాము. కుడికాలితో నేర్చిన వరుసను ఎడమకాలితోనూ చేయిస్తాము. అడుగు తప్పినవారు ఆగిపోకుండా మామూలుగా ఎక్కి దిగుతూ ఉంటే తరువాతి వరుసలో కలిసిపోవచ్చు.

అపోహ: ఎక్కి దిగితే మోకాళ్లు అరిగిపోతాయి.

ఈ వ్యాయామం పుట్టిందే ఒక మోకాలి గాయం నుంచి. అమెరికా శిక్షకురాలు జిన్ మిల్లర్ 1980ల చివర తన మోకాలిని బాగుచేసుకునే క్రమంలో దీనికి రూపమిచ్చారు. అయితే మోకాలికి రక్షణ మెట్టు ఎత్తులోనూ అడుగు వేసే తీరులోనూ ఉంటుంది: కొత్తవారు 4 అంగుళాలతో మొదలుపెట్టాలి, ఎక్కినప్పుడు మోకాలు 90 డిగ్రీలకు మించి వంగకూడదు, పాదమంతా మెట్టుపై ఆనాలి, దిగేటప్పుడు దూకకుండా మెట్టుకు దగ్గరగానే కాలు పెట్టాలి. ఎత్తు పెంచడం గొప్ప అనుకునేవారిని ఒప్పించడమే నాకు కష్టం. బోనాల డప్పు పాటలు పెట్టమని కూడా అడుగుతారు. ఊపు బాగుంటుంది గానీ, పాట వేగం నిమిషానికి సుమారు 128 దెబ్బలు దాటితే మడమ ఆనకముందే దిగవలసి వస్తుంది. ఇప్పటికే మోకాలి నొప్పి, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే చేరాలి.

అపోహ: ఒళ్లంతటికీ ఇదొక్కటే చాలు.

ఇది సగమే నిజం. తొడలు, పిరుదులు, పిక్కలు, గుండె బాగా పనిచేస్తాయి. చేతులు ఊపడం వల్ల గుండె వేగం పెరుగుతుందే తప్ప ఛాతీ, వీపు కండరాలకు చాలినంత బలం రాదు. అందుకే చివరి పావుగంట డంబెల్స్‌కు, మెట్టుపై చేతులు ఆనించి చేసే పుషప్స్‌కు కేటాయిస్తాను. ఎక్కి దిగుతూ డంబెల్స్ పట్టుకోవడాన్ని మాత్రం ఒప్పుకోను. తూలిపడే ప్రమాదం ఉంది.

అపోహ: ఎంత చెమట పడితే అంత కొవ్వు కరిగినట్టు.

మే నెలలో వరంగల్‌లో ఊరికే కూర్చున్నా చెమట పడుతుంది. శ్రమకు కొలత శ్వాసే. అడుగులు వేస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే శ్రమ మధ్యస్థంగా ఉన్నట్టు. రెండు మాటలకే ఆయాసపడేవారిని కాసేపు మెట్టు వదిలి నేలపైనే అడుగులు వేయమంటాను.